నిష్ఠాయుగాల కథలు పిల్లలకు వద్దా? – కౌమార పాఠకులకు చారిత్రక నవలల ఎంపికపై విమర్శ

తెలుగులో చారిత్రక నవలా విమర్శకు కొరత లేదు. నవలలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న చర్చ దాదాపు నూరేళ్లుగా సాగుతూనే ఉంది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్ర రచననూ చారిత్రక నవలనూ ఒకే విద్యోద్యమంలో భాగాలుగా చూసి, నవలలకు పోటీలు పెట్టి ప్రోత్సహించింది. ఆ తర్వాత వచ్చిన అడవి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ, మల్లాది వసుంధర, ముదిగొండ శివప్రసాద్ వంటివారి నవలలపై సిద్ధాంత గ్రంథాలే వెలువడ్డాయి. అయితే ఈ నవలల్లో వేటిని 12 నుంచి 16 ఏళ్ల పిల్లల చేతికి ఇవ్వాలి, ఏ ప్రమాణంతో ఇవ్వాలి అన్న ప్రశ్నకు విమర్శలో దక్కిన చోటు చాలా స్వల్పం. ఆ పని పాఠ్యపుస్తక సంఘాలకూ, పాఠశాలల బహుమతి పుస్తకాల జాబితాలకూ, దుకాణదారు అభిరుచికీ వదిలివేయబడింది. అక్కడ ప్రధానంగా రెండే ప్రమాణాలు చలామణి అవుతున్నాయి: కథ గర్వం కలిగించాలి, కథలో వివాదం ఉండకూడదు. ఈ రెండూ తప్పు ప్రమాణాలు. మతనిష్ఠ, ఆచారనిష్ఠ మనుషుల జీవితాన్ని శాసించిన కాలాల కథలే ఈ వయసు పాఠకులకు ఎక్కువ అవసరం. ఆ నిష్ఠను లోపలి నుంచి చూపగల నవలే వారికి తగిన నవల.

నిష్ఠాయుగం అంటే ఏమిటి?

ఒక సమూహం ఒకే నియమానికి తన తిండినీ, కట్టునూ, పెళ్లినీ, స్నేహాన్నీ అప్పగించుకున్న కాలాన్ని నిష్ఠాయుగం అనవచ్చు. ఆ సమూహం లోపల అపూర్వమైన సమానత్వం ఉంటుంది. దాని గీత అవతల ఉన్నవారి పట్ల అంతే అపూర్వమైన కాఠిన్యం ఉంటుంది. ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టడమే దాని విశేషం.

అమెరికాలో ప్యూరిటన్ల చరిత్ర దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. రాజు చర్చిలోని ఆడంబరాన్ని సహించలేక సముద్రం దాటి వచ్చినవారే తమ వలసల్లో భిన్నంగా ప్రార్థించిన క్వేకర్లను శిక్షించారు. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరితీశారు. ఆ విచారణలో పాల్గొన్న న్యాయాధికారులలో ఒకరి వంశంలో పుట్టిన నథానియల్ హాథార్న్ 1850లో 'ది స్కార్లెట్ లెటర్' రాశాడు. పిల్లల సాహిత్యంలోనూ ఆ చరిత్రను దాచలేదు. ఎలిజబెత్ జార్జ్ స్పియర్ 1958లో ప్రచురించిన 'ది విచ్ ఆఫ్ బ్లాక్‌బర్డ్ పాండ్' నవల 1687 నాటి కనెక్టికట్‌లో నడుస్తుంది. దానికి 1959లో న్యూబెరీ పతకం లభించింది. అందులో బార్బడోస్ నుంచి వచ్చిన కిట్ అనే పిల్ల, ఊరు వెలివేసిన క్వేకర్ వృద్ధురాలితో చెలిమి చేసి తానే మంత్రగత్తెగా అనుమానింపబడుతుంది. ఆమెకు ఆశ్రయమిచ్చిన పినతండ్రి కరడుగట్టిన ప్యూరిటన్. చిరునవ్వు ఎరుగని మనిషి. అయినా మేనకోడలి వంటి ఆ పిల్ల మీద నేరం మోపినప్పుడు ఊరికి ఎదురు నిలిచేవాడూ అతడే. నిష్ఠ ఒకే మనిషిలో క్రౌర్యంగానూ న్యాయంగానూ ఎలా ఉండగలదో 12 ఏళ్ల పాఠకుడికి ఆ నవల ఉపన్యాసం లేకుండా తెలియజేస్తుంది.

తెలుగువారికి ఇటువంటి చరిత్ర పరాయిది కాదు. 12, 13 శతాబ్దాల వీరశైవం అచ్చమైన నిష్ఠాయుగం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కులం ప్రమాణం కాదు, వేదాధికారం ప్రమాణం కాదు; భక్తి ఒక్కటే ప్రమాణం. చాకలి మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య ఆ సమాజంలో పూజ్యులు. అదే సమాజంలో లింగధారి కానివాడు 'భవి'. భవితో పొత్తు లేదు, వియ్యం లేదు. కులపు గీతను చెరిపిన చేయే మరొక గీత గీసింది. బిజ్జలుడు ఇద్దరు భక్తుల కన్నులు తీయించడం, అందుకు ప్రతీకారంగా జగదేవుడు బిజ్జలుని చంపడం సోమనాథుని దృష్టిలో భక్తి పరాకాష్ఠ. మల్లికార్జున పండితారాధ్యుని శివతత్త్వసారంలో పరమతాల పట్ల ఉన్న తీవ్రత పరిశోధకులకు తెలిసిందే. ఈ సాహిత్యాన్ని తెలుగు శాఖలు భాషా విశేషాల కోసం, ద్విపద కోసం, దేశికవితా మార్గం కోసం దశాబ్దాలుగా బోధిస్తున్నాయి. పాఠశాల స్థాయికి వచ్చేసరికి ఎంపికయ్యేవి మాత్రం గొడగూచి, బెజ్జమహాదేవి వంటి ముగ్ధభక్తుల కథలు. అవి మంచి కథలే. కాని ముగ్ధత్వం మాత్రమే మిగిలిన వీరశైవంలో 'వీర' శబ్దానికి అర్థం మిగలదు.

పాఠకుడు ఎక్కడున్నాడు?

ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు పాఠకుడు ఫలానా చోట ఉన్నాడని చెప్పుకోవడం మంచిది. హైదరాబాదుకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ వరకు మెట్రో స్తంభాల వెంబడి విస్తరించిన ప్రాంతం అందుకు తగినది. విజయవాడ రహదారి, సాగర్ రోడ్డు నగరంలో ప్రవేశించేది ఇక్కడే. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచీ కోస్తా నుంచీ చదువుకోసం, ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబాలు స్థిరపడిందీ ఇక్కడే. కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ దిల్‌సుఖ్‌నగర్ పేరు మోసింది. ఇక్కడి పుస్తకాల దుకాణాల ముందువరుసలో ఉండేవి పోటీ పరీక్షల పుస్తకాలు, గైడ్లు, ప్రశ్నల నిధులు. నవల ఉంటే లోపలి అరలో ఉంటుంది.

ఈ పిల్లలకు తెలుగు చదవడం రాదన్న సాకు ఇకపై చెల్లదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో చేసిన చట్టం ప్రకారం బోర్డు ఏదైనా పదవ తరగతి వరకు తెలుగు తప్పనిసరిగా నేర్పాలి. అంటే కేంద్రీయ పాఠ్యక్రమం చదివే పిల్లలకూ తెలుగు వాచకం అందుతుంది. వాచకం తర్వాత చదవడానికి ఏమున్నదన్నదే ప్రశ్న. తెలుగు బాలసాహిత్యం ప్రధానంగా చిన్నపిల్లలది. 'చందమామ' కాలంలో ఆ వయసు దాటినవారిని జానపద ధారావాహికలు కొంతవరకు ఆదుకున్నాయి. నోరి నరసింహశాస్త్రి 'కర్పూరద్వీపయాత్ర' వంటి ప్రయత్నాలు అరుదు. బాలల కథకూ పెద్దల నవలకూ నడుమ కౌమారానికి ఒక మెట్టు కట్టలేదు. ఆ ఖాళీని సినిమా నింపింది. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చిత్రం ద్వారా గోన గన్నారెడ్డి పేరు తెలిసిన పిల్లలు ఈ ప్రాంతంలో ఎందరో ఉంటారు. అదే పేరుతో బాపిరాజు నవల ఉన్నదని వారికి చెప్పేవారు తక్కువ.

ఈ పిల్లలు నిష్ఠకు దూరంగా బతకడం లేదన్నది మరొక వాస్తవం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడిని చంపించారు. 2022 మేలో సరూర్‌నగర్‌లో మతాంతర వివాహం చేసుకున్న యువకుడిని నడిరోడ్డు మీద, భార్య కళ్లెదుటే చంపారు. రెండు చోట్లా ఆరోపణ ఆ అమ్మాయిల సొంత కుటుంబీకుల మీదే వచ్చింది. ఈ ప్రాంతపు పిల్లలు ఆ దృశ్యాలను ఫోన్లలో చూశారు. తాము ధర్మం చేస్తున్నామన్న నమ్మకంతో మనిషి మనిషిని ఎలా చంపగలడు అన్న ప్రశ్నకు వార్త జవాబు చెప్పదు. నేరం, సెక్షను, అరెస్టు వరకే దాని పరిధి. జవాబు చెప్పగల సాధనం కథ. ఆ కథను పిల్లలకు అందకుండా చేయడం వారిని కాపాడడం కాదు. ఆ ప్రశ్నతో వారిని ఒంటరిగా వదిలివేయడం.

చలామణిలో ఉన్న ప్రమాణాలు

మొదటి ప్రమాణం గర్వం. చారిత్రక నవల జాతి గౌరవాన్ని నిలపాలన్న ఆశయం జాతీయోద్యమ కాలంలో సహజమైనది. నాడు దానికొక చారిత్రక కర్తవ్యం ఉంది. ఆ కాలం గడిచిన తర్వాతా అదే ప్రమాణాన్ని పిల్లల ఎంపికలో కొనసాగిస్తే కాకతీయ యుగం అంటే కోటలు, కత్తులు, జయధ్వానాలు అనే అర్థమే మిగులుతుంది. ఆ యుగంలో ఒక జైనుడు, ఒక భవి, ఒక జంగముడు పక్కపక్క ఇళ్లలో ఎలా బతికారన్న ప్రశ్న తలెత్తనే తలెత్తదు.

రెండవది నిర్వివాదం. మతకలహం ఉన్న భాగాన్ని తొలగించి, వీరత్వం, భక్తి మాత్రమే మిగిల్చి పిల్లలకు ఇవ్వాలన్న పద్ధతి ఇది. సంక్షిప్త ప్రతులకు ఇది పెద్ద ఉచ్చు. యుద్ధం ఉంచి వాదం తీసివేస్తే తల తెగిన కారణం పోయి, తెగిన తల మిగులుతుంది. హింసను తగ్గించినట్లు కనబడే ఈ పద్ధతి నిజానికి కారణం లేని హింసను పిల్లలకు అలవాటు చేస్తుంది.

మూడవ ప్రమాణం కొంతమంది అభ్యుదయవాదులది: కథ మతమౌఢ్యాన్ని ఖండించాలి, నిష్ఠాపరుడు ప్రతినాయకుడుగా ఉండాలి. దీని ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం మొదటి ప్రమాణపు ఫలితమే. నిష్ఠాపరుడు దుర్మార్గుడని ముందే తేల్చిచెబితే పిల్లవాడు నిశ్చింతగా పుస్తకం మూస్తాడు. తన ఇంటి పెద్దలు దుర్మార్గులు కారని అతనికి తెలుసు కాబట్టి, ఆ కథ తన ఇంటికి సంబంధించినది కాదని నిర్ణయించుకుంటాడు. మంచివారు, ప్రేమించేవారు, ప్రార్థించేవారు అన్యాయం చేయగలరన్న ఎరుక అతనికి ఏ కథ నుంచీ రాదు.

కొన్ని నవలలు – ఒక పరిశీలన

బాపిరాజు 'హిమబిందు' ఈ చర్చకు కేంద్రంలో ఉండవలసిన నవల. శాతవాహనుల కాలంలో బౌద్ధంపై ద్వేషంతో రగిలిపోయే స్థౌలతిష్యుడు తన మనుమరాలినే విషబాలగా పెంచి, రాకుమారుని మీద ప్రయోగించబూనుతాడు. పెద్దల నిష్ఠకు పసిదేహం పాత్ర కావడం అనే ఈ వస్తువు తెలుగు నవలలో అరుదైనది. ఆ బాలిక దృష్టి నుంచి కథను చదివించగల ఉపాధ్యాయుడు ఉంటే 14 ఏళ్ల విద్యార్థికి ఇంతకు మించిన చర్చనీయాంశం దొరకదు. నవలకు పరిమితి కూడా ఉంది. స్థౌలతిష్యుని నమ్మకానికి ఆకర్షణ ఎక్కడున్నదో పాఠకుడికి తగినంతగా అందదు; అతడు భయపెడతాడేగాని ఒప్పించడు. ఆ పరిమితిని గుర్తించి చెప్పడం విమర్శకుల బాధ్యత. నవలను పక్కన పెట్టడానికి అది కారణం కారాదు.

బాపిరాజుదే 'అడవి శాంతిశ్రీ' దీనికి జోడుగా చదవదగినది. ఇక్ష్వాకుల విజయపురి దాని కథాస్థలం. నాగార్జునకొండ శాసనాలు చెప్పే వాస్తవం కల్పనను మించినది: శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికనిష్ఠుడు, అతని సోదరి బౌద్ధ మహాచైత్యానికి మహాదాత. ఒకే ఇంట రెండు నిష్ఠలు కత్తి దూసుకోకుండా నిలిచాయి. ఎల్బీ నగర్ కూడలి నుంచి బయలుదేరే సాగర్ రోడ్డు చివరికి ఆ విజయపురి మునిగిన జలాశయానికే చేరుతుంది. విహారయాత్రకు ఆనకట్ట చూడబోయే పిల్లలకు ఆ నీటి అడుగున ఉన్న ఇంటి కథ చెప్పే పుస్తకం ముందుగా చేతిలో ఉండడం పెద్ద కోరిక కాదు.

నోరి నరసింహశాస్త్రి 'నారాయణభట్టు', 'రుద్రమదేవి', 'మల్లారెడ్డి' నవలల్లో కవిత్రయ కాలాలను వరుసగా పట్టుకున్నాడు. మతం ఆయన నవలల్లో అలంకారం కాదు. రాజ్యాన్ని కదిలించే శక్తి. ఆయన వాక్యం కొంత గంభీరమైనదైనా పదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. విశ్వనాథ 'పురాణవైర గ్రంథమాల' పన్నెండు నవలల సంగతి వేరు. అక్కడ కథకు ముందు కాలనిర్ణయ వాదం నడుస్తుంది. ఆ వాదాన్ని తూచగల సామగ్రి లేని వయసులో వాటిని ఇవ్వడం కన్నా, కొంత ఆగి ఇవ్వడం ఆ రచయితకే గౌరవం.

చారిత్రక నవల అంటే శతాబ్దాల వెనుకటిదే కానక్కరలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1930ల నాటి తెలంగాణ పల్లెను చూపుతుంది. రాసినప్పుడు అది సమకాలీన జ్ఞాపకం. నేటి విద్యార్థికి చరిత్ర. దొర రామభూపాలరావు పెత్తనం కింద నలిగే ఊళ్లోకి మతమార్పిడి వివాదం ప్రవేశిస్తుంది. ఆత్మలను ఉద్ధరించడానికి వచ్చినవారికి వెట్టి కనబడదు. ఇరుపక్షాల నిష్ఠ నడుమ పేదవాడి ఆకలి మాయమయ్యే ఈ ఘట్టం, 1938–39 నాటి ఆర్యసమాజ సత్యాగ్రహాన్ని పాఠంగా చదివే పిల్లలకు పాఠం చెప్పని సగాన్ని చెబుతుంది. నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడిన కుటుంబాల్లో తాతల మాటల్లో ఇంకా వినిపించే కాలం అది.

రాయవలసినవీ ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం 1881లో తొలి వితంతు వివాహం జరిపించాడు. కళావంతుల మేజువాణీలపై పోరాడినవాడూ, ముద్దుపళని కావ్యాన్ని అశ్లీలమని నిందించినవాడూ ఆయనే. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురించిన ఆ కావ్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ కావ్యాన్ని పిల్లలకు ఇవ్వమని ఎవరూ అనరు. ఒక స్త్రీకి బతుకునిచ్చిన శుద్ధిదీక్షే మరొక స్త్రీ గొంతును ఎందుకు నొక్కిందన్నది మాత్రం కౌమార నవలకు అర్హమైన వస్తువు. అలాగే భక్తుడికీ భవికీ నడుమ ఒక పిల్ల నలిగిన కథ కూడా. సోమనాథుని కావ్యం 1990లో 'శివాస్ వారియర్స్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లి విదేశీ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు చేరింది. పాలకుర్తికి ఒక పూట ప్రయాణ దూరంలో చదువుకునే పిల్లలకు ఆ లోకాన్ని నవలగా చెప్పే ప్రయత్నం ఇంకా మిగిలే ఉంది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదంపై బలమైన ఆక్షేపణ ఒకటుంది. వీరశైవులు, జైనులు, ముస్లిములు, ఆర్యసమాజీయులు గతించిన జాతులు కారు. ఒకే తరగతి గదిలో పక్కపక్కన కూర్చునే పిల్లల కుటుంబాలు. పాత గాయాలను కథగా చెబితే అవి కొత్త పగలు కావా? ఈ భయం నిరాధారం కాదు. కాని పగను పెంచేది గాయపడినవాడి కథ ఒక్కటే చెప్పే పద్ధతి. ఆ పద్ధతి ఇప్పటికే ఫోన్ల ద్వారా, ఎవరి అనుమతీ అవసరం లేకుండా, ప్రతి ఇంటికీ చేరుతున్నది. గాయపరచినవాడి నమ్మకాన్నీ, గాయపడినవాడి నొప్పినీ ఒకే కథలో నిలిపే నవల దానికి విరుగుడు. ఇటువంటి పుస్తకాన్ని తరగతి నుంచి తొలగించినంత మాత్రాన విషయం తొలగదు. విరుగుడు మాత్రమే తొలగుతుంది.

రెండవ ఆక్షేపణ భాష. బాపిరాజు వర్ణనలు, నోరి సమాసాలు నేటి విద్యార్థికి భారమన్నది నిజం. సంక్షిప్తం చేయడంలో దోషం లేదు. దేనిని తగ్గిస్తున్నామన్న దానిలోనే దోషం ఉంది. వర్ణన కుదించవచ్చు, పాత్రల సంఖ్య తగ్గించవచ్చు, కఠిన పదాలకు పుట అడుగున అర్థాలు ఇవ్వవచ్చు. రెండు నమ్మకాలు ఎదురెదురుగా నిలిచే సంభాషణను మాత్రం ముట్టుకోరాదు. నవలకు ప్రాణం అక్కడ ఉంది.

మూడవ ఆక్షేపణ సమయం. పరీక్షల ఒత్తిడిలో నవల చదివే తీరిక ఎక్కడిదని తల్లిదండ్రులు అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో తెల్లవారుజామున మొదలయ్యే దినచర్య, ర్యాంకే పుణ్యం, మార్కు తగ్గడమే పాపం అన్న విశ్వాసం కూడా ఒక నిష్ఠే. దాని లోపల ఉన్న పిల్లవాడికి, నిష్ఠను కొంత దూరం నుంచి చూసే అవకాశం ఇవ్వగలిగేది మరో నిష్ఠాయుగపు కథ. తీరిక లేదన్న మాటే ఆ కథ అవసరాన్ని రుజువు చేస్తున్నది.

ఎంపికకు ప్రమాణాలు

పై చర్చ నుంచి నాలుగు ప్రమాణాలు తేలుతాయి. ఒకటి, నిష్ఠాపరుడికి నవలలో తన కారణాలు తాను చెప్పుకొనే చోటు ఉండాలి. పాఠకుడు ఒక్క క్షణమైనా అతడితో ఏకీభవించగలగాలి. రెండు, గీత అవతల ఉన్నవారికి – జైనుడికి, భవికి, వెలిపడిన స్త్రీకి – పేరూ గొంతూ ఉండాలి. వారు కేవలం బాధితుల గుంపు కారాదు. మూడు, కథకు ఆధారమైన శాసనమో, కావ్యమో, కట్టడమో పిల్లలు సరిచూసుకోగలిగేదై ఉండాలి. నాలుగు, ముగింపు తీర్పును పాఠకుడికి వదలాలి. ఒకే నవలలో నాలుగూ దొరకకపోతే రెండు నవలలను జతగా ఇవ్వవచ్చు. 'హిమబిందు'తో 'అడవి శాంతిశ్రీ' అటువంటి జత.

మూడవ ప్రమాణానికి కొలనుపాక మంచి ఉదాహరణ. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊరికి ఎల్బీ నగర్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. అక్కడ ప్రసిద్ధ జైనక్షేత్రం ఉంది. వీరశైవులు రేణుకాచార్యుని జన్మస్థానంగా కొలిచే సోమేశ్వరాలయమూ ఉంది. రెండింటి నడుమ నడిచే కొద్దిపాటి దూరంలో ఒక ఉపాధ్యాయుడు ఎత్తగల ప్రశ్నలు ఏ వాచకంలోనూ లేవు.

తెలుగు శాఖల పని ఇక్కడే మొదలవుతుంది. చారిత్రక నవలపై పరిశోధన చేయించే శాఖలు ఆ నవలల కౌమార పఠన ప్రతులను కూడా పరిశోధనాంశంగా స్వీకరించవచ్చు. ఏది ఉంచారు, ఏది తీసివేశారు, ఎందుకు తీసివేశారు అన్నది సంక్షిప్త ప్రతులపై జరగవలసిన మౌలిక పరిశీలన. బసవపురాణంపై సిద్ధాంత వ్యాసం రాయగల విద్యార్థి, అందులోని ఒక కథను పదమూడేళ్ల పాఠకుడికి వివాదంతో సహా చెప్పగలగడం ఆ పాండిత్యానికి పరీక్ష. నిష్ఠలో ఉన్న సౌందర్యాన్నీ, దాని గీత అవతలి నొప్పినీ ఒకేసారి చూడగలగడం ఎదగడంలో భాగం. పెద్దలు తాము చూడడానికి జంకిన దానిని పిల్లలకు తగదని ముద్ర వేసినంత కాలం తెలుగు చారిత్రక నవల లోపలి అరలోనే ఉంటుంది; పిల్లలు మాత్రం ఆ ప్రశ్నను వీధిలో ఎదుర్కొంటూనే ఉంటారు.